రెండిళ్ళ పొయ్యి

నేను ఒక గ్యాస్ పొయ్యిని. నన్ను ఆ ఇంట్లోకి తెచ్చిన రోజు ఇంట్లో ఐదుగురు ఉన్నారు. గోడకు చేరగిలబడి కూర్చున్న ముసలావిడ ఎర్రమ్మ. ఆవిడ పెద్దకొడుకు దానయ్య, సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. దానయ్య భార్య పోలమ్మ, నన్ను నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది ఆవిడే. వాళ్ళ కూతురు లలిత, అప్పటికి ఏడో తరగతి. ఐదో మనిషి నూకరత్నం, ఎర్రమ్మ చిన్నకోడలు. ఆవిడది పక్క వాటా. రెండు వాటాలకూ మధ్య ఒకటే గోడ. ఆవిడ చేపల బుట్ట గుమ్మంలోనే దింపేసి, తడికాళ్ళతో వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని చూసింది. ఆవిడ భర్త రాజులు మాత్రం లేడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు.

మీ ఇంట్లో కూడా నాలాంటిది ఉండే ఉంటుంది. రోజుకు పదిసార్లు మా చెవి మెలిపెడతారు. మేము ఏం విన్నామో ఎవరూ అడగరు. అందుకే నేనే చెబుతున్నాను.

నేను పుట్టింది ఒక పెద్ద నగరం శివార్లలో, రేకుల షెడ్డులో. ఒక స్టీలు రేకును యంత్రం ఒక్క పోటు పొడిస్తే నా ఒళ్ళు తయారైంది. రెండు కన్నాలు, వాటిలో రెండు ఇత్తడి బర్నర్లు, కింద నాలుగు రబ్బరు కాళ్ళు. చివర ఒక అమ్మాయి నన్ను వెలిగించి, మంట నీలంగా వస్తోందో లేదో చూసి, సరే అన్నట్టు తల ఊపి పక్కకు నెట్టింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ అమ్మాయి షెడ్డు వెనక మూడు ఇటుకలు పెట్టుకుని, చెక్కపేళ్ళు ఎగదోసి అన్నం వండుకుంది. పొయ్యిలు చేసేవాళ్ళ ఇంట్లో పొయ్యి ఉండాలని రూలేమీ లేదని నాకు పుట్టినరోజునే తెలిసింది.

లారీలో మండలాఫీసుకు వచ్చాము. అక్కడ మమ్మల్ని వరసగా పేర్చి, ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి, తలా ఒక పొయ్యి చేతికిచ్చి ఫొటో తీశారు. ఫొటో అయ్యాక మళ్ళీ తీసుకుని, సంతకాలు పెట్టించుకుని, మళ్ళీ ఇచ్చారు. ఇంటికొకటి అన్నారు. దానయ్యకూ రాజులుకూ ఒకటే రేషను కార్డు. ఒక కార్డంటే ఒక ఇల్లే. అలా గోడకు అటూ ఇటూ ఉన్న రెండిళ్ళకూ నేను ఒక్కదాన్నే వచ్చాను.

ఎర్రమ్మ నాకు పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. పోలమ్మ వెలిగించేసరికి ముసలావిడ వెనక్కి జరిగింది.

"ఓలమ్మ, పొగేది? పొగ నేకుండా నిప్పేటే?"

"పొగ ఉండదత్తా. అదే దీని గొప్ప."

"పొగ నేకపోతే కూడు ఉడికినట్టు ఊరికెలగ తెలుస్తాది?"

నూకరత్నం తోటికోడలి వైపు చూసి నవ్వింది. "అప్పా, ఇకనించి నీ కళ్ళెర్రగుంటే పొగని సెప్పడానికి నేదు. బావతోటి గొడవడ్డావని ఊరంతా తెలిసిపోద్ది."

ఆ రోజు నా మీద మొదట పెట్టింది టీ. ఐదు గ్లాసులు. అందరికంటే చివర తాగింది లలిత. ఆ పిల్ల మాట తక్కువ. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మూలకు పోయి ఒక నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది. ఏం రాసిందో నాకు తెలియదు. పొయ్యిలకు చదువు రాదు.

మొదటి ఏడాది మంచి ఏడాది. గ్యాసు బండ అయిపోతే ఫోను చేసేవారు, ఎర్ర బండి గణగణలాడుతూ వచ్చేది. పోలమ్మ మట్టిపొయ్యిని పగలగొట్టి పెరట్లో జామమొక్క మొదట్లో పోసింది. గోడమీది మసి గీకి సున్నం వేసింది. ఎర్రమ్మకు ఎన్నో ఏళ్ళుగా ఆయాసం. తెల్లారకట్ల లేచి కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, ఊపిరిని తాడులాగా లాక్కునేది. ఆ ఏడాది ఆవిడ ఊపిరి కాస్త కుదుటపడింది. గవర్నమెంటాసుపత్రి డాక్టరు పీల్చే మందు ఒకటిచ్చి, "మందు సగం, పొగ లేకపోవడం సగం మామ్మా" అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి ఎర్రమ్మ పదిమందికి చెప్పింది. "నా పేణం సగం ఆ రేకుల దాంట్లో ఉందట!" అని నన్ను చూపించేది. నా బతుకులో నాకు దక్కిన పెద్ద బిరుదు అదే.

తర్వాత ధర పెరగడం మొదలైంది. ఎందుకు పెరిగిందో నాకు తెలియదు. ఎక్కడో దూరదేశంలో ఎవరో ఎవరితోనో పడకపోతే ఇక్కడ పోలమ్మ టీ మానేయాలి, అంతవరకే నాకు అర్థమైంది. ముందు టీ తగ్గింది. తర్వాత పప్పు నా మీద ఉడకడం మానేసింది. ఎర్ర బండి నెలకోసారి వచ్చేది రెండు నెలలకోసారి వచ్చింది. పోలమ్మ పెరట్లోంచి మట్టి తెచ్చి, తలవంచుకుని, పాత చోటే మళ్ళీ పొయ్యి వేసింది. బయట వేద్దామంటే సముద్రపు గాలికి నిప్పు నిలవదు. ఒక్కటే గది. కొన్నాళ్ళకు నా మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద ఉల్లిపాయల బుట్ట పెట్టారు. చుట్టాలొస్తే బుట్ట దించేవారు. చుట్టాలు టీ తాగి, "మీకేటమ్మా, గేసుంది" అని వెళ్ళేవారు. వాళ్ళు వీధి మలుపు తిరగగానే బుట్ట మళ్ళీ నా నెత్తిన కూర్చునేది.

కట్టెలు కూడా ఊరికే రావు కదా. ఒడ్డు పొడవునా సరుగుడు తోటలున్నాయి. రాలిన ఆకు ఊడ్చుకొస్తే చిటచిటమని మండుతుంది, కానీ మంటకంటే పొగ ఎక్కువ. తెల్లారకుండానే లలిత చీపురూ గోనెసంచీ పట్టుకుని పోయేది. అప్పటికి తొమ్మిదో తరగతికొచ్చింది. తోట కాపలావాడు చూస్తే సంచి గుంజుకుంటాడు. ఆకు తెచ్చి మూల పడేసి, జుట్టులో సరుగుడు పుల్లలు ఏరుకుంటూ బడికి పరిగెత్తేది. ప్రార్థన అయిపోయాక వెళ్ళినవాళ్ళను బయట నిలబెడతారట. ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఆ పిల్ల నోరు విప్పదు. ఆకు ఊడుస్తున్నానని చెప్పడం కంటే ఎండలో నిలబడటమే నయమనుకుంది కాబోలు.

గ్యాసూ డీజిలూ అక్కాచెల్లెళ్ళట. ఒకదాని ధర పెరిగాక రెండోది ఊరుకోదు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఇంజను బిగించిన తెప్ప ఒకటి ఉండేది. రోజూ వెళ్ళే వేట వారానికి మూడు రోజులైంది. దానయ్య అన్నం ముందు కూర్చుని అనేవాడు:

"ఎల్తే ఆయిలు తాగేత్తంది, ఎల్లకపోతే ఆకలి తినేత్తంది. ఏటి సెయ్మంటావే?"

సముద్రానికి తలుపుల్లేవు, ఎవరైనా వెళ్ళొచ్చు. కానీ ఇంజనుకు ఆయిలు పోసినవాడే చేప దగ్గరికి చేరగలడు. ఆ ఆయిలు పోస్తానని ఊరి షావుకారు ముందుకొచ్చాడు. షరతు ఒక్కటే. పట్టిన చేప ఆయన పాకలోనే, ఆయన కాటా మీదే తూయాలి. తెప్పలన్నీ ఒకటొకటిగా ఆ పాక ముందుకే చేరాయి. ఒక తెప్ప రెండు కుటుంబాలను పోషించలేదని తేలాక రాజులు వేట మానేసి, ఆ పాకలోనే కాటా దగ్గర పనికి కుదిరాడు. పొద్దున అన్న చేపలు దించుతాడు, తమ్ముడు తూస్తాడు.

ఒకరోజు దానయ్య తమ్ముణ్ణి ఆటపట్టించాడు. "ఏట్రా రాజులూ, తెప్పలో ఉన్నపుడు బరువుగున్న సేప, ఒడ్డుకొచ్చేసరికి సిక్కిపోతందేటి?"

"తడారిపోద్ది కదన్నా" అన్నాడు రాజులు. నవ్వాడు కూడా. కానీ నవ్వుతున్నప్పుడు అన్న మొహంకేసి చూడలేదు. ఆ సంగతి నేను గమనించాను. గమనించడం తప్ప పొయ్యికి వేరే పనేముంది?

నూకరత్నం కష్టం వేరు. ఆవిడ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్ళకు వెళ్ళి అమ్ముతుంది. ఆటో చార్జీ పెరిగాక నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. పాదాలు పగిలాయి. తిరిగొచ్చి కట్టెపొయ్యి ముందు కూర్చుంటే, మంట రాజుకునేదాకా నోటితో ఊదడానికి కూడా ఊపిరి మిగిలేది కాదు.

ఈ మధ్యలో ఎర్రమ్మ ఊపిరి మళ్ళీ చెడింది. ఆ ఇళ్ళల్లో ముసలివాళ్ళకు వంతులుంటాయి. అమావాస్య నుంచి అమావాస్యకు ఒక కొడుకింట్లో, తర్వాత రెండో కొడుకింట్లో. ఎర్రమ్మ చాప చుట్టుకుని, మరచెంబు పట్టుకుని, ఈ గుమ్మంలోంచి ఆ గుమ్మంలోకి వెళ్ళేది. ఇప్పుడు ఏ గుమ్మంలోకి వెళ్ళినా పొగే. ఒక సాయంత్రం పెదవులు నీలంగా మారిపోయి పడిపోతే, ఇద్దరు కోడళ్ళూ చెరొక రెక్కా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు ఈసారి కోప్పడ్డాడట. "పొగలో ఉంచితే వచ్చే వానాకాలం దాటదు" అన్నాడట.

తిరిగొచ్చేటప్పుడు ఆ ఉపాయం చెప్పింది నూకరత్నమే.

"అప్పా, బండ నువ్వొక్కదానివి కొనలేవు. నానొక్కదాన్నీ కొనలేను. సెరి సగం ఏసుకుందాం. అత్త ఎక్కడుంటే పొయ్యి అక్కడ. నీకాడ సగం బండ, నాకాడ సగం బండ. అత్త వంతు కూడా అంతే."

"సగమైనట్టు ఎలగ తెలుస్తాదే?"

"కాటా నేదేటి? సేపలు తూత్తన్నాం, బండని తూయలేమా?"

పుట్టినప్పటినుంచీ తూచి బతికినవాళ్ళు. వాళ్ళకు సగమంటే కాటా చూపిన సగమే. లలితను పిలిచి లెక్క వేయించారు. ఖాళీ బండ బరువు బండ మెడమీదే రాసి ఉంటుంది, పదహారు కేజీలు. లోపల గ్యాసు పద్నాలుగు. అందులో సగం ఏడు. పదహారూ ఏడూ ఇరవైమూడు. కాటా మీద ఇరవైమూడు వచ్చినరోజు బండ గోడ అవతలికి మారాలి. మొత్తం అయిపోయాక కొత్త బండ మళ్ళీ పోలమ్మ ఇంటినుంచే మొదలు, ఎందుకంటే గ్యాసు పుస్తకం ఆవిడ పేరు మీద ఉంది.

అలా చంద్రుణ్ణి చూసి సాగిన ముసలావిడ వంతు, గ్యాసును చూసి సాగడం మొదలైంది.

నా నెత్తిమీది ఉల్లిపాయల బుట్ట దిగింది. మామ్మ ఉన్న ఇంట్లో మూడు పూటలూ నా మీదే వంట. రెండు మూడు రోజులకోసారి, చేపల పని అయిపోయిన మధ్యాహ్నం వేళ, పోలమ్మా లలితా బండను దొర్లించుకుంటూ పాకకు తీసుకెళ్ళి తూచుకొచ్చేవారు. ఇరవైమూడు వచ్చినరోజు ఊరేగింపు. ముందు నన్ను నెత్తిన పెట్టుకుని లలిత. వెనక తోటికోడళ్ళిద్దరూ బండకు చెరోవైపు. ఆ వెనక చాపా చెంబూ పట్టుకుని ఎర్రమ్మ. నాలుగడుగుల దూరమే. అయినా చూసినవాళ్ళు ఊరుకోరు కదా.

"ఏమే ఎర్రమ్మా, పొయ్యితోటి సహా కాపరానికెల్తన్నావా?"

"నానెల్లటం నేదే. ఆ పొయ్యెల్తంది. దాని ఎనకాల నానెల్తన్నాను" అనేది ఎర్రమ్మ. అనేసి నవ్వేది. నవ్వితే దగ్గు రాకపోవడం చూసుకుని ఇంకోసారి నవ్వేది.

నాకు రెండిళ్ళూ బాగుండేవి. పోలమ్మ మంట చిన్నగా పెట్టి నిదానంగా వండుతుంది. నూకరత్నం ఆకలి మీద వండుతుంది, మూత ఎగిరిపడేలా. ఇద్దరూ ముసలావిడ కంచంలో ముందు చేపముక్క వేసి, తర్వాతే తమ కంచాల వైపు చూసేవారు. మనుషులు మంచివాళ్ళని నేను ఒప్పుకుంటాను. కాకపోతే వాళ్ళ మంచితనం కూడా గ్యాసులాంటిదే. ఎంత మిగిలి ఉందో బయటికి కనిపించదు.

మొదటి బండకు పోలమ్మ ఇంట్లో ఇరవై రోజులు, నూకరత్నం ఇంట్లో నలభై రోజులు ఉన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. రెండో బండకూ అంతే. ఈసారి నూకరత్నం వేళ్ళు మడిచి చూసుకుంది. మూడో బండకు పోలమ్మ ఇంట్లో పద్దెనిమిది రోజులకే కాటా ఇరవైమూడు చూపించింది. మళ్ళీ ఊరేగింపు వెళ్ళింది. కానీ ఎవరూ నవ్వలేదు.

ఎక్కువగా వచ్చిన గ్యాసు ఎవరి కంటికీ కనిపించదు. ఎక్కువగా పెట్టిన కూడు మాత్రం కనిపిస్తుంది. నూకరత్నం లెక్కలో నలభై రోజులు అత్తకు తాను పెట్టింది, ఇరవై రోజులు అక్క పెట్టింది. పీల్చే మందు కూడా ఎప్పుడూ తన వంతులోనే అయిపోతోంది. ఒక సాయంత్రం ఎండలో ఊళ్ళు తిరిగి వచ్చి, అమ్ముడుపోని చేపలు గుమ్మంలో పెట్టి, గోడ అవతలికి వినిపించేలా అంది:

"గేసు మీద తలకి నీలు కాసుకుంటన్నారేటో మారాజులు! సగం బండ ఇరవై రోజులకే ఆవిరైపోతంది."

పోలమ్మ తన గుమ్మంలోకి వచ్చింది. "ఎవుల్నే అంటన్నావు?"

"అత్తని తొందరగా ఇటు తోసేయాలంటే మంట పెద్దది సేత్తే సాలు కదప్పా. నాకు తెల్దేటి?"

"నోరు మూసుకో రత్నం. నాను మంట పెద్దది సెయ్యనేదు. నాకొచ్చిన సగం సగమేనా అని నాకే అనుమానంగుంది. కాటా నీ మొగుడి సేతిలో కదా ఉన్నాది."

ఆ మాట నిప్పు చూసిన గ్యాసులా అంటుకుంది. పోలమ్మ అనాలని అన్న మాట కాదది. కానీ అన్నాక మెలిపెట్టి ఆర్పడానికి మాటలకు చెవి ఉండదు. నూకరత్నం లోపలికి వచ్చి, ఎర్రమ్మ చాప చుట్టి, చెంబు మీద పెట్టి, గుమ్మం బయట దింపింది.

"ఎల్లత్తా. దొంగల కొంపలో నీకెందుకు వంతు? పెద్దకోడలికాడికెల్లు. పొయ్యి మాత్రం ఇక్కడే ఉంటాది. ఇది నా వంతు."

ఎర్రమ్మ అటు చూసింది, ఇటు చూసింది. "నన్ను నడిమధ్యన తూయకండే" అంది. ఆవిడకు మెట్టు దిగడానికి చెయ్యి కావాలి. ఎప్పుడూ ఏదో ఒక కోడలు ఇచ్చేది. ఆ రోజు లలిత వచ్చి ఇచ్చింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు నేను నూకరత్నం ఇంట్లో, ఎర్రమ్మ గోడ అవతల. అవతల సరుగుడాకు పొయ్యి. చిటపటలు వినిపించేవి. కాసేపటికి దగ్గు. మొదట చిన్నగా, తర్వాత ఆగకుండా, తర్వాత దగ్గడానికి కూడా శక్తి చాలని ఒక ఈల చప్పుడు. ఆ చప్పుడు మొదలయ్యేసరికి ఇక్కడ నూకరత్నం చేతిలో గరిటె ఆగేది. నా మంట తగ్గించేది. మళ్ళీ పెంచేది. ఒకసారి గోడదాకా వెళ్ళి అరచెయ్యి ఆనించి నిలబడింది. పిలవలేదు. వానాకాలం ఇంకా సగం కూడా కాలేదు. నేను ఇక్కడ నీలంగా, శుభ్రంగా, ఒక్క రవ్వ పొగ లేకుండా మండుతూ ఉన్నాను. ఎవరి కోసం పుట్టానో వాళ్ళకు ఒక గోడ ఇవతల మండడమంత సిగ్గు ఇంకొకటి లేదు.

పదమూడో రోజు సాయంత్రం, నా మీద అన్నం ఉడుకుతుండగా, గుమ్మంలో లలిత నిలబడింది. బడి నుంచి ఇంటికి వెళ్ళకుండా ఇటే వచ్చినట్టుంది. భుజాన సంచి అలాగే ఉంది. పదో తరగతిలోకి వచ్చాక ఆ పిల్ల పొడుగైంది గాని, నిలబడేటప్పుడు ఇప్పటికీ ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకుంటుంది. రాజులు మూలన కూర్చుని ఉన్నాడు. నూకరత్నం మొహం తిప్పుకుంది.

"పిన్నీ, నాను నలబై" అంది లలిత.

"ఏటి నలబై?"

"నలబై కేజీలు. ఇయాల బళ్ళో ఆసుపత్రోలు తూసినారు. కార్డు మీద రాసినారు, ఇదిగో." కార్డు పిన్ని ముందుకు చాపింది. "వచ్చేటప్పుడు పాకలోకెల్లి మన కాటా ఎక్కినాను. సంచి కింద పెట్టేసే ఎక్కినాను. ముప్పయ్యారు సూపించింది. దిగి మళ్ళీ ఎక్కినాను పిన్నీ. ముప్పయ్యారే."

నూకరత్నానికి అర్థం కాలేదు. లలిత సంచిలోంచి నోటు పుస్తకం తీసి, కింద కూర్చుని, ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడింది. ఆ కాటా పది కేజీలను తొమ్మిదిగా చూపిస్తుంది. కాబట్టి అది ఇరవైమూడు అన్నరోజున బండ నిజం బరువు ఇరవైఐదు పైనే. అంటే అప్పటికి పోలమ్మ ఇంట్లో సగం గ్యాసు కాలేదు, మూడో వంతే అయింది. మిగిలిన రెండు వంతులూ గోడ ఇవతలికి వచ్చాయి. అందుకే అక్కడ ఇరవై, ఇక్కడ నలభై.

"అమ్మ మంట ఎక్కువ పెట్టనేదు పిన్నీ. నువ్వూ ఏటీ తియ్యనేదు. ఎవులి తప్పూ నేదు. కాటాదే తప్పు." ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. గొడవ తీరిపోయిందనుకుంది. తప్పు మనుషులది కాదు, ఇనుముది అని తేలితే మనుషులు మళ్ళీ కలుస్తారనుకుంది. పదిహేనేళ్ళ పిల్ల. "మామ్మకి నిన్నటి కాడినించి మాట రావటం నేదు పిన్నీ. పొయ్యి ఇయ్యవా? ఈసారి నాను తిన్నగా లెక్క కడతాను. ఇద్దరికీ సమానంగా వత్తాది."

నూకరత్నం ఆ పిల్లను చూడటం లేదు. భర్తను చూస్తోంది. రాజులు నేలను చూస్తున్నాడు. నా మీద అన్నం కుతకుతలాడుతోంది. గోడ అవతల ఈల చప్పుడు ఒకటి పైకి లేచి, ఆగి, మళ్ళీ లేచింది.

"నీకు తెలుసా?" అంది నూకరత్నం.

రాజులు మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

"మీ అన్న సేపలు కూడా దాని మీదేనా తూత్తన్నావు? రోజూనా?"

"సెప్తే ఏటవుద్దే?" అన్నాడు రాజులు చాలా మెల్లిగా. "షావుకారు ఆయిలు ఆపేత్తాడు. అన్న తెప్ప కదలదు. ఎవులి తెప్పా కదలదు. నా పనీ పోతాది. తూయకపోతే ఒకలాగ, తూత్తే ఒకలాగ. నాను తూత్తన్నాను."

లలిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నోటు పుస్తకం మూసింది. తన లెక్క తప్పలేదు, కానీ అది ఎక్కడికి వెళ్ళి తగిలిందో అప్పుడే అర్థమైనట్టుంది.

"ఎవులికి సెప్పినావు?" అంది నూకరత్నం.

"ఎవులికీ నేదు. నీకే ముందు."

"ఇంకెవులికీ సెప్పకు. మీ అమ్మకి సెప్పకు. మీ నానకి అసలే సెప్పకు."

అని లేచింది. నా మీది గిన్నెను కొంగుతో పట్టి దించి నేలమీద పెట్టింది. అన్నం ఇంకా ఉడకలేదు, మెతుకు లోపల పలుకు ఉంది. నా చెవి తిప్పింది. మంట ఆరింది. గొట్టం ఊడదీసి నా చుట్టూ చుట్టింది. నేను వేడిగా ఉన్నానని ఒక గోనెపట్టా మడిచి నా కింద పెట్టి, ఎత్తి, లలిత చేతుల్లో ఉంచింది. రాజులు ఏమీ అడగకుండానే లేచి, బండను దొర్లించుకుంటూ తీసుకెళ్ళి పోలమ్మ గుమ్మం ముందు నిలబెట్టి, ఎవరి మొహమూ చూడకుండా తిరిగి వచ్చి లోపల కూర్చున్నాడు.

"తీసుకుపో. ముసిల్దానికి ఏణ్ణీలు కాసియ్యి. ఇంక ఆ ఇంట్లో పొగ పెట్టనీకు."

"ఇది నీ వంతు కదా పిన్నీ. ఇంకా అవనేదు."

"నాకు వంతక్కర్నేదు."

లలిత మెట్టు దిగింది. నన్ను గుండెలకు ఆనించుకుని, మళ్ళీ వెనక్కి తిరిగింది. కావాల్సింది చేతిలో ఉంది. అయినా ఆ పిల్ల కదలలేదు.

"అమ్మతోటి మాటాడతావా పిన్నీ? పొద్దున్నైనా?"

నూకరత్నం తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. పగిలిన పాదాలు గడప లోపలే ఉన్నాయి. అక్కడినుంచే అంది:

"మాటాడితే ఏటి సెప్పాలే నాను?"

లలిత నన్ను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. నూకరత్నం ఒక్క క్షణం చూసి, చప్పుడు కాకుండా, తలుపు వేసేసింది.